సానుభూతీ, సత్యమూ: బత్తిస్తి వుదంతం

రచయితలు సంతకాలు చేసి ప్రకటించే విజ్ఞప్తి కూడా రచనే. అందులోనూ వస్తువు వుంటుంది, పాత్రలుంటాయి, ఒక దృక్పథం వుంటుంది. కథనో నవలనో పరిశీలించినట్టే దాన్నీ పరిశీలించవచ్చు, పరిశీలించాలి కూడా. నవలలో అబద్ధం రాస్తే చెడిపోయేది నవల. విజ్ఞప్తిలో అబద్ధం రాస్తే దెబ్బతినేది బతికి వున్న మనుషులు. కాబట్టి విజ్ఞప్తి మీద విమర్శ మరింత కఠినంగా వుండాలి. ఈ మాట సిద్ధాంతంగా చెబితే మనలో కాదనేవారు వుండరు. ఆచరణలో మాత్రం మన పక్షంవాళ్ళు రాసిన విజ్ఞప్తిని మనం చదవం, సంతకం పెడతాం.

ఇటలీ దేశస్థుడు చేజరె బత్తిస్తి 37 సంవత్సరాలపాటు నాలుగు దేశాలలో తలదాచుకున్నాడు. 2019 జనవరిలో పట్టుబడి స్వదేశం చేరాడు. ఆయన హంతకుడని న్యాయస్థానాలు చెప్పాయి, కాదని రచయితలు చెప్పారు. చివరికి ఆయనే అవునన్నాడు. ఈ మూడు మాటలకీ మధ్య జరిగినదంతా సాహిత్య విమర్శకుడు పట్టించుకోవలసిన విషయమని నా అభిప్రాయం. బత్తిస్తి స్వయంగా రచయిత, ఆయన్ని సమర్థించినవాళ్ళలో ముఖ్యులు రచయితలు. ఆయన చుట్టూ అల్లుకున్న కథ ఒక సాహిత్య ప్రక్రియ పోకడలని అడుగడుగునా అనుసరించింది.

ముందు జరిగిన సంగతులు చూద్దాం.

బత్తిస్తి 1954లో రోముకి దక్షిణాన ఒక వూళ్ళో, కమ్యూనిస్టు కుటుంబంలో పుట్టాడు. యౌవనంలో దొంగతనాలు చేసి జైలుకి వెళ్ళాడు, జైల్లోనే రాజకీయాలు నేర్చుకున్నాడు. బయటికి వచ్చాక ‘కమ్యూనిజం కోసం సాయుధ కార్మికులు’ అనే చిన్న దళంలో చేరాడు. ఈ దళం 1978, 79 సంవత్సరాలలో నాలుగు హత్యలు చేసింది. 1978 జూన్ 6న ఉదినె పట్టణంలో అంటోనియో సంతోరో అనే జైలు వుద్యోగిని చంపింది. 1979 ఫిబ్రవరి 16న ఒకే రోజున మిలాన్‌లో పియర్‌లూయిజి తొర్రెజాని అనే నగల వ్యాపారినీ, వెనిస్ దగ్గరి పల్లెలో లీనో సబ్బదీన్ అనే మాంసం దుకాణదారునీ చంపింది. అదే సంవత్సరం ఏప్రిల్ 19న మిలాన్‌లో ఆంద్రెయా కంపాన్య అనే పోలీసు డ్రైవర్ని చంపింది. ఆ ఇద్దరు దుకాణదారులూ చేసిన నేరం ఏమిటంటే, అంతకు ముందు తమ మీదికి వచ్చిన దొంగలని ఎదిరించారు, ఆ పెనుగులాటలలో దొంగలు చనిపోయారు. దొంగ శ్రామికుడనీ, దుకాణదారు శత్రువనీ తీర్మానించి ఆ దళం శిక్ష అమలుపరిచింది.

బత్తిస్తి 1979 జూన్‌లో అరెస్టయ్యాడు. 1981 అక్టోబరు 4న ఫ్రోజినోనె జైలునుంచి తప్పించుకున్నాడు. ఫ్రాన్సు మీదుగా మెక్సికో చేరి కొన్నేళ్ళు వున్నాడు, అక్కడే రచనా వ్యాసంగం మొదలుపెట్టాడు. 1990లో ఫ్రాన్సుకి తిరిగి వచ్చాడు. హింసని వదిలిపెట్టి కొత్త జీవితం మొదలుపెట్టిన ఇటలీ ప్రవాసులని అప్పగించబోమని అధ్యక్షుడు మిట్టెరాండ్ 1985లో ఇచ్చిన మాట ఆయన్ని కాపాడింది. ఆ మాట రక్తం చిందించినవారికి కూడా వర్తిస్తుందా అనే తగాదా ఆనాటినుంచీ వుంది. ఈలోగా ఇటలీ న్యాయస్థానాలు ఆయన లేకుండానే విచారణ జరిపి యావజ్జీవ శిక్ష వేశాయి. 1993లో అది ఖాయమైంది. 1991లో పారిస్ న్యాయస్థానం అప్పగింతకు ఒప్పుకోలేదు. బత్తిస్తి పారిస్‌లో ఒక భవనానికి కావలిదారుగా పనిచేస్తూ నేరనవలలు రాశాడు. అవి గల్లిమార్ సంస్థవారి ప్రసిద్ధమైన నేరనవలల గ్రంథమాలలో వచ్చాయి.

2004 ఫిబ్రవరిలో ఇటలీ కోరిక మీద ఆయన్ని మళ్ళీ అరెస్టు చేశారు. అప్పుడు లేచింది ఆ పెద్ద దుమారం. విజ్ఞప్తులు, సభలు, సంతకాలు. నేరనవలా రచయిత్రి ఫ్రెడ్ వర్గాస్ ఆయన నిర్దోషి అని వాదిస్తూ ఆ సంవత్సరమే ఒక పుస్తకం వేసింది. న్యాయస్థానం అప్పగించమన్నది. ఆగస్టులో బత్తిస్తి మాయమయ్యాడు. 2007 మార్చిలో రియో డి జనేరోలో పట్టుబడ్డాడు. 2009 జనవరిలో బ్రెజిల్ న్యాయశాఖ మంత్రి ఆయనకి శరణార్థి హోదా ఇచ్చాడు. అదే సంవత్సరం నవంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, అప్పగింత చెల్లుతుందని అయిదుగురూ చెల్లదని నలుగురూ అనగా, ఆఖరి నిర్ణయం అధ్యక్షుడికి వదిలింది. 2010 డిసెంబరు 31న, పదవిలో తన చివరి రోజున, లూలా అప్పగించనన్నాడు. 2011 జూన్‌లో బత్తిస్తి విడుదలయ్యాడు. 2018 డిసెంబరులో అధ్యక్షుడు తెమెర్ ఆ నిర్ణయాన్ని తిరగదోడాడు. బత్తిస్తి మళ్ళీ మాయమై బొలీవియా చేరాడు. 2019 జనవరి 12న శాంతా క్రూజ్ నగర వీధిలో పట్టుకున్నారు. మొరాలిస్ నాయకత్వంలోని వామపక్ష ప్రభుత్వమే ఆయన్ని బహిష్కరించింది. 14న ఆయన రోములో విమానం దిగాడు.

మార్చి నెలలో జైలులో ప్రాసిక్యూటరు ఎదుట, నాలుగు హత్యలలోనూ తన బాధ్యత న్యాయస్థానాలు చెప్పినట్టే వున్నదని బత్తిస్తి ఒప్పుకున్నాడు. ఆనాడు అది న్యాయమైన యుద్ధమని నమ్మానన్నాడు. మృతుల కుటుంబాలని క్షమాపణ కోరాడు. 2020 ఆగస్టులో లూలా కూడా తన నిర్ణయం పొరపాటని చెప్పి ఆ కుటుంబాలని క్షమాపణ కోరాడు.

ఇవీ సంగతులు. ఇక రచయితల సంగతికి వద్దాం.

వాళ్ళని మొదటే తిట్టిపోయడం తేలిక, కాని అది విమర్శ కాదు. వాళ్ళ అనుమానానికి ఆధారం వుంది. 1969 డిసెంబరు 12న మిలాన్‌లోని ఫొంతానా కూడలి దగ్గరి బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు అరాచకవాదులని పట్టుకున్నారు. వాళ్ళలో ఒకడైన జుసెప్పె పినెల్లి అనే రైల్వే కార్మికుడు విచారణ జరుగుతుండగా పోలీసు కార్యాలయం కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ బాంబు ఫాసిస్టులదని తరవాత తేలింది. దారియో ఫో ఆ సంఘటన మీదే తన ప్రసిద్ధ నాటకం రాశాడు. ఇటువంటి చరిత్రగల రాజ్యం ఒక వామపక్షవాదిని హంతకుడంటే అభ్యుదయ రచయిత వెంటనే తలవూపకపోవడం సహజం, మంచిది కూడా. పైగా బత్తిస్తి మీద ప్రధాన సాక్ష్యం అతని పాత సహచరుడిది. శిక్ష తగ్గింపు కోసం సాక్ష్యమిచ్చే సహచరుణ్ణి అనుమానించడం న్యాయశాస్త్రానికి కొత్త కాదు. నిందితుడు లేకుండా విచారణ జరిపి యావజ్జీవం వేయడం మీద అభ్యంతరం కూడా న్యాయమైనదే.

మరి తప్పు ఎక్కడ జరిగింది? అనుమానించడంలో జరగలేదు. అనుమానాన్ని నమ్మకంగా మార్చుకోవడంలో జరిగింది. ‘ఈ విచారణ సరిగా జరగలేదు’ అనే వాక్యానికీ, ‘ఈ మనిషి చంపలేదు’ అనే వాక్యానికీ మధ్య చాలా దూరం వుంది. మొదటిది పత్రాలు చూసి చెప్పగలిగిన మాట. రెండవది చెప్పాలంటే ఆ వీధిలో ఆ క్షణంలో ఏం జరిగిందో తెలియాలి. మన రచయితలు ఆ దూరాన్ని వూహతో దాటారు. నవలలో అది వాళ్ళకి రోజూ అలవాటైన పని.

ఇక్కడ ప్రక్రియ సంగతి చెప్పాలి. 1968 తరవాత ఫ్రాన్సులో నేరనవల వామపక్షపు సొంత ప్రక్రియ అయింది. మాన్షెట్ మొదలైనవాళ్ళ చేతుల్లో అది బూర్జువా సమాజం మీద అభియోగపత్రంగా మారింది. ఆ నవలల్లో పోలీసులు లంచగొండులు, రాజ్యం అసలు నేరస్థురాలు, నాయకుడు వెంటాడబడే ఒంటరి మనిషి. అతని చేతికి రక్తం అంటినా అతని ఆత్మకి అంటదు. ఇది ఆ ప్రక్రియకి బలమే. చట్టమనేది ఆస్తిపరుల చట్టమని అది తెలియజెప్పింది. కాని ప్రతి ప్రక్రియకీ తనదైన గుడ్డితనం వుంటుంది. పరుగెత్తుతున్నవాడి వెనకే కథ పరుగెత్తుతుంది కాబట్టి, నేల మీద పడివున్నవాడి దగ్గర అది ఆగదు. బత్తిస్తికి అండగా ముందు నిలిచినవాళ్ళలో ఈ నేరనవలల బృందంవాళ్ళే ఎక్కువ కావడం కాకతాళీయం కాదు. వాళ్ళు ఒక మనిషిని చూశామనుకున్నారు. నిజానికి తమకి బాగా పరిచయమైన పాత్రని గుర్తుపట్టారు.

వాళ్ళ వాదాలలో అన్నిటికంటె ఎక్కువ ప్రచారం పొందినదాన్ని తీసుకోండి. 1979 ఫిబ్రవరి 16న జరిగిన రెండు హత్యల మధ్య 200 కిలోమీటర్లకి పైగా దూరం వుంది, ఒకే మనిషి రెండు చోట్లా ఎలా వుంటాడు? వినగానే చప్పట్లు కొట్టించే వాదం. నేరనవలలో చివరి అధ్యాయానికి సరిగ్గా సరిపోతుంది. కాని ఒకే మనిషి రెండు చోట్లా వున్నాడని న్యాయస్థానం అననే లేదు. సబ్బదీన్ హత్యలో బత్తిస్తి కాల్చినవాడికి తోడుగా వెళ్ళాడనీ, తొర్రెజాని హత్యని నిర్ణయించి పథకం వేసినవాళ్ళలో ఒకడనీ, సంతోరోనీ కంపాన్యనీ తానే కాల్చాడనీ తీర్పు చెప్పింది. ఈ తేడా తీర్పు చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఎదుటివాడు చెప్పని మాటని అతని నోట పెట్టి దాన్ని ఖండించడం తర్కంలో ప్రాథమికమైన మోసం. పరీక్షలో మన విద్యార్థి ఇలా రాస్తే మార్కులు తగ్గిస్తాం. పెద్ద రచయితలు రాస్తే పునర్ముద్రిస్తాం.

మన ఆలంకారికులు రసానికి ఆలంబనం కావాలన్నారు. కరుణ రసం గాలిలోంచి పుట్టదు, ఎవరిని చూసి జాలిపడాలో ఆ వ్యక్తి కళ్ళముందు నిలవాలి. బత్తిస్తి విజ్ఞప్తులలో ఆలంబనం ఒక్కడే: చేతిలో కలం, వెనక పోలీసులు వున్న ప్రవాసి. ఆయన కాపలా కాసిన భవనం, ఆయన పిల్లలు, ఆయన నవలలు, అన్నీ పాఠకుడి ముందుకి వచ్చాయి. మృతులు నలుగురికీ పేర్లు లేవు. పేర్లు వచ్చిన చోట కూడా వృత్తి మాత్రమే వచ్చింది. ఒక జైలు వుద్యోగి, ఒక నగల వర్తకుడు, ఒక కసాయి, ఒక పోలీసు. ఆ వృత్తుల పేర్లు చెప్పిన తీరులోనే ‘వీళ్ళ కోసం ఏడవనక్కరలేదు’ అనే సూచన వున్నది.

ఇదే నాకు అన్నిటికంటె అభ్యంతరకరంగా కనిపిస్తుంది, వర్గ దృక్పథంతోనే కనిపిస్తుంది. మార్క్సిస్టులమని చెప్పుకునేవాళ్ళు ఆ నలుగురి వర్గం ఏమిటో ఒక్కసారి పరిశీలించారా? జీతానికి జైలు కాపలా కాసేవాడు, జీతానికి పోలీసు కారు నడిపేవాడు, పల్లెలో మాంసం కొట్టి అమ్మేవాడు. మిలాన్‌లో నగల దుకాణం నడిపిన తొర్రెజాని కూడా ఆ నగరానికి యజమాని కాడు. ఫియట్ కర్మాగారపు అధిపతి ఎవరో ఆ దళానికి తెలియక కాదు. చేతికి అందినవాణ్ణి చంపింది. దుకాణంలో కౌంటరు వెనక నిలబడ్డవాడు చేతికి అందుతాడు, పెట్టుబడి అందదు. పెట్టుబడిదారీ విధానం ఒక సామాజిక సంబంధమని మార్క్స్ చెబితే, దాన్ని కసాయి కొట్టువాడి శరీరంలో వెతికినవాళ్ళు మార్క్సిస్టులు కారు.

ఇటలీ కార్మికవర్గానికి ఈ విషయం ఆనాడే తెలుసు. తొర్రెజాని హత్యకి సుమారు మూడు వారాల ముందు, 1979 జనవరి 24న, జెనోవాలో గ్విదో రొస్సా అనే వుక్కు కార్మికుణ్ణి రెడ్ బ్రిగేడ్స్ చంపింది. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, కార్మికసంఘ కార్యకర్త. కర్మాగారంలో ఆ ముఠా కరపత్రాలు పంచుతున్నవాణ్ణి బయటపెట్టడం ఆయన నేరం. ఆయన అంత్యక్రియలకి కార్మికులు అశేషంగా కదిలివచ్చారు. తుపాకి పట్టిన చిన్న ముఠాలకీ కార్మిక వుద్యమానికీ మధ్య గీత గీసింది రాజ్యం కాదు, ఆ కార్మికులు. పాతికేళ్ళ తరవాత పారిస్‌లో సంతకాలు పెట్టినవాళ్ళు, ‘ఇటలీ వామపక్షం తరఫున’ మాట్లాడుతున్నామనుకున్నప్పుడు, ఆ అంత్యక్రియలలో నడిచిన జనాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

2006లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి బత్తిస్తి ఫ్రెంచిలో వేసిన ఆత్మకథ, ‘నా పరారీ’ అని దాని పేరుకి అర్థం. దానికి బెర్నార్ హెన్రీ లెవీ పీఠిక, ఫ్రెడ్ వర్గాస్ వెనకమాట. తాను ఎవరినీ చంపలేదని అందులో ఆయన చెప్పుకున్నాడు. రెండవది తొర్రెజాని కొడుకు అల్బెర్తో ఇటలీలో వేసిన పుస్తకం. తండ్రిని చంపిన రోజున అతని వయస్సు 15 సంవత్సరాలు. దాడిచేసినవాళ్ళ మీద తండ్రి కాల్చబోయిన తుపాకి గుండు గురితప్పి ఆ పిల్లవాడికే తగిలింది. అప్పటినుంచీ అతను చక్రాల కుర్చీలోనే వున్నాడు. అతని పుస్తకం పేరుకి ‘యుద్ధంలో వున్నాను, కాని నాకు తెలియదు’ అని అర్థం.

ఈ పేరుని బత్తిస్తి 2019లో చెప్పిన మాట పక్కన పెట్టి చూడండి. అది న్యాయమైన యుద్ధమని నమ్మానని ఈయన అన్నాడు. యుద్ధమని నాకు తెలియదని ఆ కుర్రవాడు పదమూడేళ్ళ ముందే అన్నాడు. యుద్ధం అంటే ఇరుపక్షాలకీ తెలిసి జరిగేది. ఒక పక్షానికి మాత్రమే తెలిసిన యుద్ధానికి వేరే పేరు వుంది. ఆ పుస్తకం పేరులోని నాలుగైదు మాటలు, వందలాది సంతకాలున్న విజ్ఞప్తులకంటె ఎక్కువ వాస్తవికతని ఇముడ్చుకున్నాయి. వాస్తవికత అంటే మురికివాడలని వర్ణించడం కాదు, మన సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించే మనిషిని కూడా పాత్రగా అంగీకరించడం.

ఫ్రాన్సులో రచయిత పౌర వ్యవహారాలలో కలగజేసుకునే సంప్రదాయానికి మూలపురుషుడు జోలా. 1898 జనవరి 13న దినపత్రికలో ఆయన వేసిన బహిరంగలేఖ డ్రైఫస్ కేసుని తిప్పింది. జోలాకి శిక్ష పడింది, ఆయనే ఇంగ్లండుకి పారిపోయి దాదాపు ఏడాదిపాటు తలదాచుకోవలసి వచ్చింది. 1906లో డ్రైఫస్ నిర్దోషిగా ప్రకటించబడ్డాడు, అది చూడడానికి జోలా బతికి లేడు. ఇప్పుడు తేడా గమనించండి. జోలా వాదం డ్రైఫస్ మంచివాడని కాదు, డ్రైఫస్ తన స్నేహితుడని కాదు, తన ప్రక్రియలో రచయిత అని అసలే కాదు. ఆ వుత్తరం రాసిన చెయ్యి మరొకడిది అని. పేరు పెట్టి చెప్పాడు. ఆ మాట తప్పయితే తనని శిక్షించమన్నాడు. అంటే పరీక్షకి నిలబడే వాక్యం రాశాడు. బత్తిస్తి సమర్థకులలో చాలామంది రాసింది పరీక్షకి అందని వాక్యం: ఇంత మంచి నవలలు రాసినవాడు, ఇంత మెత్తని మనిషి, చంపి వుంటాడా? జోలానుంచి వాళ్ళు ఆవేశాన్ని వారసత్వంగా తీసుకున్నారు, శ్రమని వదిలేశారు.

నా క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు: ‘మరి ఆయన దోషి అని ఒప్పుకుంటే అప్పగింతని వ్యతిరేకించే హక్కు పోయినట్టేనా సార్?’ మంచి ప్రశ్న. దీనికి జవాబు వూహలో కాదు, చరిత్రలోనే వుంది. 2021 ఏప్రిల్‌లో ఇటలీ కోరిక మీద, అదే కాలానికి చెందిన పాత తీవ్రవాదులు కొందరిని ఫ్రాన్సులో అరెస్టు చేశారు. 2022 జూన్‌లో పారిస్ అప్పీలు న్యాయస్థానం పదిమందినీ అప్పగించడానికి నిరాకరించింది. 2023 మార్చిలో అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయపరిచింది. కారణాలు రెండు: న్యాయమైన విచారణకి వున్న హక్కు, దశాబ్దాలుగా అక్కడ కట్టుకున్న కుటుంబ జీవితానికి వున్న హక్కు. వాళ్ళు నిర్దోషులని ఆ న్యాయస్థానం అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. దోషికి కూడా హక్కులు వుంటాయి. అభ్యుదయవాది పోరాడవలసింది ఆ సూత్రం కోసం. హక్కులు కావాలంటే ముందు నిర్దోషి కావాలి అని మనమే ఒప్పుకున్నామా, రేపు నిజంగా దోషి అయినవాణ్ణి లాకప్పులో హింసిస్తే మాట్లాడడానికి మనకి నోరు వుండదు. నిర్దోషిత్వపు కట్టుకథ అందుకే ప్రమాదకరమైనది. అది కూలినప్పుడు దానితోపాటు సూత్రాన్ని కూడా కూల్చుకుపోతుంది.

కూలింది కూడా. 2019 జనవరి 14న రోము విమానాశ్రయంలో ఇటలీ మంత్రులు ఇద్దరు స్వయంగా హాజరయ్యారు. హోం మంత్రి సాల్వీని పోలీసు కోటు తొడుక్కుని వచ్చాడు. న్యాయశాఖ మంత్రి బొనఫెదె, ఖైదీని నడిపించుకుపోయే దృశ్యాలకి సంగీతం జోడించి ప్రచారంలో పెట్టాడు. ఇదీ మెలోడ్రామానే. పాత్రలు అవే, రంగులు మాత్రం తారుమారు. అక్కడ వెంటాడబడే వీరుడు, ఇక్కడ బంధింపబడిన రాక్షసుడు. మృతుల కుటుంబాలకి న్యాయం జరిగిందన్న మాట ఆ సంగీతంలో వినిపించలేదు, మంత్రుల గెలుపు వినిపించింది. ఆనాటి ప్రదర్శనలో ఇంకొక సంగతి మరుగున పడింది. బ్రెజిల్ ద్వారా అప్పగింత జరిగితే ఆ దేశపు షరతు ప్రకారం శిక్ష 30 సంవత్సరాలకి మించకూడదు. బొలీవియానుంచి నేరుగా తీసుకురావడంతో యావజ్జీవం అలాగే నిలిచింది. ఇక్కడ ప్రశ్నించవలసిన విషయం వుంది. కాని ప్రశ్నించవలసిన వామపక్ష రచయితల మాటకి అప్పటికి విలువ లేకుండా పోయింది. తమ విలువని వాళ్ళు 2004లోనే ఖర్చుపెట్టేశారు.

ఒక్కరి ప్రవర్తన వేరుగా వుంది. రొబెర్తో సవియానో 2004లో విజ్ఞప్తి మీద సంతకం చేసినవాళ్ళలో ఒకడు. తరవాత మాఫియా మీద పుస్తకం రాసి ప్రాణభయంతో పోలీసు రక్షణలో బతకవలసి వచ్చింది. 2009 జనవరిలో, అంటే బత్తిస్తి ఒప్పుకోలుకి పదేళ్ళు ముందుగా, మృతుల మీద గౌరవంతో తన సంతకాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆయన బత్తిస్తిని దోషి అని తిట్టలేదు, కొత్త సాక్ష్యం దొరికిందని చెప్పలేదు. చదవకుండా పెట్టిన సంతకానికి విలువ లేదని మాత్రం ఆ పనితో నిరూపించాడు. దీన్ని పిరికితనమన్నవాళ్ళు వుండవచ్చు. నా దృష్టిలో అది పాఠకుడిగా ఆయన బాధ్యత.

ఇదంతా ఇప్పుడు రాయడం మితవాదులకి ఆయుధం ఇవ్వడం కాదా అని అడిగే మిత్రులు వుంటారు. వాళ్ళకి నా జవాబు ఇది. మితవాదులకి ఆయుధం ఇచ్చింది ఈ విమర్శ కాదు, ఆ అబద్ధం. ప్రతి దేశంలోనూ, ప్రతి తరంలోనూ తప్పుడు కేసులు పెట్టబడ్డ కార్మికులు, రైతులు, విద్యార్థులు, రచయితలు వుంటారు. వాళ్ళ కోసం విజ్ఞప్తి రాయవలసి వస్తుంది, సంతకాలు అడగవలసి వస్తుంది. అప్పుడు ఎదుటివాడు బత్తిస్తి పేరెత్తి మన నోరు మూయించగలడు. ఆ నిర్దోషి ఖైదీ జైల్లో గడిపే ప్రతి అదనపు సంవత్సరానికీ, వెనకటి కట్టుకథ బాధ్యత వహించాలి.

అందుచేత మన సంఘంలో విజ్ఞప్తి ఎవరు తెచ్చినా, మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. మనం చెబుతున్నది ‘విచారణ సరిగా లేదు’ అనా, ‘ఇతను చెయ్యలేదు’ అనా? రెండవది అయితే అది మనకి ఎలా తెలుసు? చనిపోయినవాడి పేరు ఈ కాగితంలో వున్నదా? మూడవ ప్రశ్న సెంటిమెంటు కాదు. చనిపోయినవాడి పేరు రాసి, అతని భార్యాపిల్లలు చదువుతారని తెలిసి కూడా నిలబడగలిగిన వాక్యమే నిజమైన వాక్యం. వాళ్ళు చదవరన్న ధైర్యంతో రాసినది ఎంత ఆవేశంగా వున్నా అబద్ధమే.

సానుభూతి రచయిత పెట్టుబడి. దాన్ని తనవంటివాడి మీద, తన భాషలో మాట్లాడేవాడి మీద, కలం పట్టినవాడి మీద ఖర్చుపెట్టడానికి అభ్యుదయ రచయిత కానక్కరలేదు. ఆ పని ఏ రచయిత అయినా చేస్తాడు. కలం లేనివాడి దాకా, మన వాదానికి అడ్డువచ్చేవాడి దాకా, పల్లెలోని మాంసం దుకాణం గడపలో పడివున్నవాడి దాకా దాన్ని తీసుకుపోగలిగినప్పుడే అభ్యుదయం అనే మాటకి సాహిత్యంలో అర్థం వుంటుంది.